సున్నిత చర్మానికి శమన ద్రవ్యాలు – ఏది ఎవరికి? ఒక తులనాత్మక పాఠం

నూతి గట్టు పక్కన, వరి చేల తడి గట్లపైన ఎవరూ నాటకుండానే పాకే సరస్వతి ఆకు ఇప్పుడు ‘సికా’ అనే పేరుతో, పచ్చని గొట్టాలలో కొరియా దేశం నుండి మన ఇళ్ళకు తిరిగి వస్తున్నది. పచారీ కొట్లో దొరికే అతిమధురం, పెరటి కుండీలోని కలబంద కూడా అందమైన సీసాలలో అద్దాల బీరువాలకెక్కాయి. వీటికి తోడు ఓట్స్, నియాసినమైడ్, పాంథెనాల్ వంటి కొత్త పేర్లు. ‘చర్మానికి శాంతినిస్తుంది’ అన్నది వీటన్నింటి మీదా అచ్చయిన మాట.

అయినప్పటికీ ఈ శాంతి ద్రవ్యాలను వరుసగా వాడిన ముఖాలలో కొన్ని శాంతించక, మునుపటికంటె ఎర్రబడుతున్నాయి. ఇంట్లో పెళ్ళి ఇంకా మూడు వారాలుందనగా ఒక అమ్మాయి ముఖం మీద కొద్దిపాటి ఎరుపు కనిపిస్తుంది. తల్లి సున్నిపిండి పెడుతుంది, పిన్ని కలబంద రాస్తుంది, స్నేహితురాలు సికా క్రీము ఇస్తుంది, మందుల దుకాణంవారు ఇంకొక గొట్టం చేతిలో పెడతారు. పది రోజులకు నీళ్ళు తగిలినా ముఖం చుర్రుమంటుంది. ఇందులో దోషం ఏ ఒక్క ద్రవ్యానిదీ కాకపోవచ్చును. గాయపడిన చర్మానికి ఒకేసారి నలుగురు వైద్యం చేయడమే దోషం. ఏ ద్రవ్యం ఏ పని చేస్తుందో, ఎవరికి సరిపడదో తెలుసుకుని, వాటిలో ఒక్కదానినే ఎన్నుకోవడం ఎలాగో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

సున్నిత చర్మం అంటే ఏమిటి?

సుశ్రుతుడు శారీరస్థానంలో చర్మానికి ఏడు పొరలు చెప్పాడు. వాటిలో అన్నింటికన్న పైది ‘అవభాసిని’. దాని మందం వడ్లగింజలో పద్ధెనిమిదవ వంతు మాత్రమేనన్నాడు. వర్ణాన్ని, కాంతిని ప్రకాశింపజేసేది ఆ పొరయే. చర్మంలో ఉండే పిత్తాన్ని ‘భ్రాజక పిత్తం’ అన్నారు. అభ్యంగం, పరిషేకం, లేపనం మొదలైన వాటిని పచనం చేసేది ఆ భ్రాజక పిత్తమేనని శాస్త్రం చెబుతున్నది. అనగా, పైన పూసినది ఏదైనా చర్మం మీద ఊరక ఉండిపోదు. చర్మం దానికి స్పందిస్తుంది.

ఆధునిక శాస్త్రం చెప్పేది కూడా దీనికి దూరం కాదు. చర్మం పైభాగాన చదునైన మృతకణాలు ఇటుకల వలె పేర్చబడి ఉంటాయి. సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు వాటి నడుమ సున్నం వలె నిలిచి గోడను కడతాయి. లోపలి తేమ బయటకు పోకుండా, బయటి ఘాటు లోపలికి రాకుండా ఈ గోడ కాపాడుతుంది. తరచుగా సబ్బు రుద్దడం, వేడినీళ్ళు, గరుకు పిండ్లు, ఘాటైన ఆమ్లాలు ఆ సున్నాన్ని కరిగిస్తాయి. గోడ బీటలువారినప్పుడు మామూలు క్రీము కూడా మండుతుంది. కొందరికి ఇది పుట్టుకతో వచ్చే గుణం. చాలామందికి మాత్రం చేజేతులా తెచ్చుకున్న స్థితి.

కనుక శమన ద్రవ్యం చేయవలసిన పనులు మూడు: తేమను నిలపడం, గోడను బాగుచేయడం, ఎరుపునూ మంటనూ తగ్గించడం. ఈ మూడింటినీ సమానంగా చేసే ద్రవ్యం ఏదీ లేదు. పోలిక ఇక్కడినుండే ఆరంభం కావలెను.

1. సరస్వతి ఆకు (సికా)

దీని సంస్కృత నామం మండూకపర్ణి, వృక్షశాస్త్ర నామం సెంటెల్లా ఏషియాటికా. ‘సికా’ అనే మాటను ఈ మొక్క పేరును బట్టి, గాయం మానిన మచ్చకు ఐరోపా భాషలలో ఉన్న పేరును బట్టి వ్యాపారులు ప్రచారంలోకి తెచ్చారు. చరకుడు చెప్పిన నాలుగు మేధ్య రసాయనాలలో మండూకపర్ణి స్వరసం ఒకటి. మన ప్రాంతాలలో పిల్లల జ్ఞాపకశక్తికి దీనిని తినిపించడం వాడుక. గాయం మీద దీనిని ఉపయోగించడం ఆయుర్వేదంలోనూ, ఆసియాలోని ఇతర దేశాల వైద్యాలలోనూ ఉన్నది. ఆసియాటికోసైడ్, మడెకాసోసైడ్ అనేవి దీనిలోని ముఖ్య పదార్థాలు. గాయం మానడంలో కొత్త కణజాలానికి తోడ్పడడం, వాపును తగ్గించడం వీటి ప్రధాన గుణాలు.

ఇక్కడ రెండు విషయాలు గమనించవలెను. మొదటిది పేరు తికమక. బజారులో ‘బ్రాహ్మి’ అని అమ్మే చూర్ణం కొన్నిచోట్ల సరస్వతి ఆకు, కొన్నిచోట్ల నీటిబ్రాహ్మి. ఇవి వేర్వేరు మొక్కలు. సరస్వతి ఆకు గుండ్రంగా, మూత్రపిండం ఆకారంలో, అంచున నొక్కులతో ఉంటుంది. నీటిబ్రాహ్మి ఆకులు చిన్నవి, దళసరివి. రెండవది శుభ్రత. సరస్వతి ఆకు తడి నేలలలో, కాలువల అంచున పెరుగుతుంది. ఆ ఆకును నూరి, బీటలువారిన ముఖానికి పట్టించడం మంచిది కాదు. మురుగునీటి సూక్ష్మజీవులు కూడా ఆ ముద్దతోపాటు వస్తాయి. అంగడి క్రీములో వాడేది శుద్ధి చేసిన సారం. కాబట్టి ఈ ద్రవ్యం విషయంలో ఇంటి ముద్ద, అంగడి క్రీము సమానం కావు. తినడానికి పెరటి ఆకు, పూతకు శుద్ధి చేసిన సారం అని గుర్తుంచుకొంటే చాలును.

2. కలబంద

దీనికి కుమారి, ఘృతకుమారి అని పేర్లు. ఆకు లోపలి తెల్లని గుజ్జు చాలావరకు నీరే. మిగిలిన కొద్ది భాగంలోని జిగురు పదార్థాలు చర్మానికి చల్లదనాన్ని, తాత్కాలికమైన తేమను ఇస్తాయి. ఎండకు కమిలిన చర్మానికి ఇది హాయినిస్తుంది. అయితే ఇది గోడను కట్టే ద్రవ్యం కాదు. గుజ్జు ఆరిన తరువాత పైన మరొక తేమ క్రీము లేకపోతే, పొడిచర్మం గలవారికి ముఖం మరింత బిగుసుకొనిపోయినట్లుంటుంది.

ఆకు కోసినప్పుడు తోలు కింద నుండి కారే పసుపుపచ్చని పాలు వేరు. దానిని ఎండబెట్టగా వచ్చేదే ముసాంబరం. చర్మానికి మంట, దురద పుట్టించేది ఎక్కువగా ఈ పసుపు రసమే. కనుక ముదిరిన కింది ఆకును మొదలంటా కోసి, పది పదిహేను నిమిషాలు నిలబెట్టి రసం కారనివ్వవలెను. తరువాత కడిగి, ఇరువైపులా తోలు దళసరిగా తీసి, లోపలి గుజ్జును మంచినీటిలో మరల కడిగి వాడవలెను. ఏ రోజు గుజ్జు ఆ రోజే వాడడం ఉత్తమం. ఉల్లి, వెల్లుల్లి పడనివారు కలబందను కూడా మొదట మోచేతి మడతలో పరీక్షించి చూచుకొనవలెను.

3. ఓట్స్

ఇది మన దేశవాళీ ధాన్యం కాకపోయినా, నేడు చాలా ఇళ్ళ వంటగదులలో ఉన్నది. దురదకు, పొడిచర్మానికి ఓట్స్ పిండి చేసే మేలు చక్కగా నిరూపితమైనది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2003లో మెత్తని ఓట్స్ పిండిని చర్మరక్షక ద్రవ్యాల జాబితాలో చేర్చింది. ఇందులోని బీటా గ్లూకాన్ తేమను పట్టి ఉంచుతుంది. అవెనంత్రమైడ్లు అనే పదార్థాలు దురదను తగ్గిస్తాయి.

ఈ ఆరింటిలో ఇంట్లోనే చక్కగా తయారుచేసుకొనగలిగినది ఇదే. ఉప్పు, మసాలా, చక్కెర లేని సాదా ఓట్స్‌ను మిక్సీలో అతి మెత్తగా పొడి చేయవలెను. ఒక చెంచా పొడిని గ్లాసుడు నీటిలో కలిపితే నీరు పాలవలె తెల్లబడి, పొడి వెంటనే అడుగుకు దిగకుండా ఉండవలెను. దిగితే మరల పొడి చేయాలన్నమాట. రెండు గుప్పెళ్ళ పొడిని పలుచని శుభ్రమైన గుడ్డలో మూటకట్టి, గోరువెచ్చని నీళ్ళ బకెట్టులో పది నిమిషాలు నాననిచ్చి, పిండి, ఆ నీటిని ఒంటిమీద పోసుకొనవలెను. రుద్దరాదు. నేల జారుతుంది గనుక పెద్దలు జాగ్రత్త వహించాలి. తువ్వాలుతో అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే తేమ క్రీము రాసుకొనవలెను. ఎగ్జిమా ఉన్న పసిపిల్లలలో కొందరికి ఓట్స్ పడకపోవచ్చును. వారికి వైద్యుని సలహా మీదనే వాడాలి.

4. అతిమధురం

యష్టిమధు, మధుకం అని దీనికి పేర్లు. చరకుని మేధ్య రసాయనాలలో ఇదీ ఒకటి. అంతేకాక ఆయన పదేసి ద్రవ్యాలతో కూర్చిన గణాలలో వర్ణానికి మేలుచేసే ‘వర్ణ్య’ గణంలోనూ, దురదను పోగొట్టే ‘కండూఘ్న’ గణంలోనూ మధుకం కనిపిస్తుంది. నేటి పరిశోధన కూడా ఈ రెండు దారులలోనే నడిచింది. అతిమధురంలోని గ్లాబ్రిడిన్ అనే పదార్థాన్ని మచ్చలు తగ్గించే క్రీములలోనూ, చైనా జాతి అతిమధురం నుండి తీసే లైకోకాల్కోన్ అనే పదార్థాన్ని ఎరుపు తగ్గించే క్రీములలోనూ వాడుతున్నారు. కనుక ‘అతిమధురం ఉన్నది’ అన్నంత మాత్రాన రెండు క్రీములు ఒకటే పని చేయవు.

ఇంటి వాడకంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. బజారు చూర్ణంలో పీచు ఎక్కువ. పాలతో కలిపి ముఖాన రుద్దితే గరుకుకాగితం పెట్టినట్లే. సున్నిత చర్మం గలవారు చూర్ణానికి బదులు కషాయాన్ని ఎంచుకొనవలెను. అర చెంచా చూర్ణాన్ని గ్లాసుడు నీటిలో మరిగించి, సన్నని గుడ్డలో రెండుసార్లు వడగట్టి, చల్లార్చి, ఆ నీటిలో తడిపిన గుడ్డను ఐదు నిమిషాలు ముఖంపై పరచవచ్చును. ఏ పూట కషాయం ఆ పూటకే. రక్తపోటు గలవారు దీనిని లోపలికి ఎక్కువ రోజులు సేవించరాదు. అతిమధురం రక్తపోటును పెంచి, శరీరంలో పొటాషియంను తగ్గించగలదు.

5. నియాసినమైడ్

పేరు కొత్తగా వినిపించినా ఇది బి3 విటమిను. ఈ విటమినుకూ చర్మానికీ గల సంబంధం తెలుగునాట పాతదే. జొన్నలు ప్రధానాహారంగా గల దక్కను పేదలలో ఎండ తగిలే చోట్ల చర్మం నల్లబడి పొట్టు రాలే పెల్లాగ్రా వ్యాధి ఉండేది. మెడ చుట్టూ హారంవలె మచ్చ ఏర్పడడం దాని గుర్తు. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ఈ వ్యాధికీ, జొన్నలలో అధికంగా ఉండే లూసిన్‌కూ సంబంధం ఉండవచ్చునని ప్రతిపాదించారు. ఈ విటమిను లోపిస్తే చర్మం ఎంతగా దెబ్బతింటుందో చెప్పడానికి పెల్లాగ్రాయే తార్కాణం.

పైపూతగా నియాసినమైడ్ చర్మం తన సెరమైడ్లను తాను తయారుచేసుకోవడానికి సాయపడుతుంది. అనగా ఇది గోడ కట్టే ద్రవ్యం. మచ్చల విషయంలోనూ కొంత మేలు చేస్తుంది. చిక్కు అంతా మోతాదులోనే ఉన్నది. రెండు నుండి ఐదు శాతం వరకు సాధారణంగా చాలును. పది శాతం, అంతకు మించినవి కొంటే గొప్ప ఫలితం వస్తుందనుకుని సున్నిత చర్మం గలవారు మంటను కొనితెచ్చుకొంటున్నారు. అన్నంలో ఉప్పు ఎక్కువైతే రుచి పెరగదు గదా! దీనికి ఇంటి ప్రత్యామ్నాయం లేదు. విటమిను బిళ్ళలను నూరి ముఖానికి పూయడం వంటి ప్రయోగాలు చేయరాదు.

6. పాంథెనాల్

ఇది బి5 విటమినుకు పూర్వరూపం. చర్మంలోకి చేరి పాంటోథెనిక్ ఆమ్లంగా మారుతుంది. తేమను పట్టి ఉంచడం, దెబ్బతిన్న పైపొర కోలుకోవడానికి తోడ్పడడం దీని పనులు. ఐదు శాతం గల లేపనాలు పసిపిల్లల పిరుదుల ఒరుపుకు, పగిలిన పెదవులకు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. దీనికి ఆకర్షణ తక్కువ, ప్రచారం తక్కువ. పడకపోవడం కూడా అరుదు. నీళ్ళు తగిలినా మండే స్థితిలో ఉన్న ముఖానికి ఈ ఆరింటిలో మొదట తలచుకొనవలసినది సువాసన లేని పాంథెనాల్ క్రీము.

‘సహజం’ అన్న మాటతో జాగ్రత్త

సికా తరువాత ఇప్పుడు మాచిపత్రి జాతి మొక్కల సారం, చామంతిని పోలిన కామొమైల్ పూల సారం కూడా శమన ద్రవ్యాలుగా వస్తున్నాయి. వినాయక చవితి పత్రిలో మొట్టమొదటిది మాచీపత్రమే గనుక మనకిది పరాయిది కాదు. అయితే మాచిపత్రి, కామొమైల్, బంతి, చామంతి, మన పొలాల గట్లను ఆక్రమించిన వయ్యారిభామ కలుపు – ఇవన్నీ ఒకే కుటుంబపు మొక్కలు. వయ్యారిభామ వల్ల ముఖం, మెడ, చేతుల మీద దద్దుర్లు వచ్చేవారు మన దేశంలో ఎందరో ఉన్నారు. అటువంటివారికి ఈ కుటుంబంలోని ఇతర మొక్కలు కూడా పడకపోవడం తరచుగా కనిపిస్తుంది. పొలం వెళ్ళివచ్చిన ప్రతిసారీ, లేదా ఖాళీ స్థలాల పక్కన నడిచివచ్చిన ప్రతిసారీ ముఖం దురద పెట్టేవారు ఈ పూల క్రీములకు దూరంగా ఉండవలెను.

అలాగే నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్టు వంటివి మండే ముఖానికి శత్రువులు. ఆరోగ్యవంతమైన చర్మం పైభాగం స్వల్పంగా ఆమ్లగుణం కలిగి ఉంటుంది. నిమ్మరసం దానికంటె ఎన్నో రెట్లు ఘాటైన ఆమ్లం, వంటసోడా క్షారం. నిమ్మజాతి రసం పూసుకుని ఎండలోకి వెళ్ళినవారికి బొబ్బలు, నల్లమచ్చలు రావడం కూడా ఉన్నది. ‘ఇంట్లోదే గదా’ అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

పోలిక సారాంశం

ఒళ్ళంతా దురద, పొట్టు ఉన్నవారికి: ఓట్స్ స్నానం, వెనువెంటనే సాదా తేమ క్రీము.

ఎండకు కమిలిన ముఖానికి: పసుపు రసం పూర్తిగా తీసిన కలబంద గుజ్జు, పైన తేమ క్రీము.

నీళ్ళు తగిలినా మండే ముఖానికి: పాంథెనాల్. అది సరిపడితే తరువాత సికా.

మంట తగ్గి, ఎరుపూ మచ్చలూ మిగిలినవారికి: తక్కువ శాతం నియాసినమైడ్, లేదా అతిమధురం సారం గల క్రీము.

వయ్యారిభామ పడనివారికి: మాచిపత్రి, కామొమైల్, బంతిపూల సారం గలవి వర్జ్యం.

వాడే క్రమం

మొదటి వారం ఏ కొత్త ద్రవ్యమూ పెట్టరాదు. ఇదే అన్నింటికన్న కష్టమైన వైద్యం. సున్నిపిండి, స్క్రబ్బు, ముఖానికి ఆవిరి, సువాసన నీళ్ళు అన్నీ ఆపివేయవలెను. రోజుకు రెండుసార్లు గోరువెచ్చని నీటితో, నురుగు తక్కువగా వచ్చే మృదువైన క్లెన్సరుతో కడుగుకొని, సువాసన లేని సాదా తేమ క్రీము మాత్రం వాడవలెను. ఎండలోకి వెళ్ళేటప్పుడు గొడుగు గానీ, జింకు ఆక్సైడు గల సన్‌స్క్రీను గానీ తప్పనిసరి.

ఈ వారంలోనే, ఎంచుకున్న ఒకే ఒక్క ద్రవ్యాన్ని మోచేతి లోపలి మడతలో రూపాయి బిళ్ళంత మేర రోజుకు రెండుసార్లు చొప్పున ఏడు రోజులు పూసి చూడవలెను. ఎరుపు, దురద, పొక్కులు కనబడితే కడిగివేసి, ఆ ద్రవ్యాన్ని విడిచిపెట్టవలెను. కనబడకపోతే రెండవ వారం నుండి ముఖానికి రోజు విడిచి రోజు రాయవచ్చును. గోడ బాగుపడడానికి వారాలు పడుతుంది. రెండు రోజులకు ఫలితం లేదని మరొకటి మొదలుపెడితే, ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో ఎన్నటికీ తెలియదు.

కొనేటప్పుడు గొట్టం ముందువైపు ఉన్న ఆకు బొమ్మను కాక, వెనుకవైపు జాబితాను చదవవలెను. ఎక్కువ పరిమాణంలో ఉన్న ద్రవ్యాల పేర్లు సాధారణంగా ముందు ఉంటాయి. సువాసన ద్రవ్యం తరువాత ఎక్కడో చివర సెంటెల్లా పేరు ఉంటే, మనం కొంటున్నది ఆకు బొమ్మనే గాని ఆకును కాదు.

రెండు రోజులలో శాంతింపజేసే క్రీము

ఈ పాఠంలో అన్నింటికన్న ముఖ్యమైన హెచ్చరిక ఇది. పైన చెప్పిన ఆరు ద్రవ్యాలలో ఏదీ రెండు రోజులలో ఎరుపును మాయం చేయదు. పేరు తెలియని క్రీము ఏదైనా రాత్రికి రాత్రి ముఖాన్ని చల్లబరచి, తెల్లగా, నునుపుగా చేసినట్లయితే దానిలో స్టెరాయిడ్ ఉండవచ్చునని అనుమానించవలెను. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లు జాబితాలో ఉంటే అది సౌందర్య సాధనం కాదు, మందు. వైద్యుడు రోగాన్ని చూచి, చోటునూ రోజులనూ లెక్కించి ఇచ్చినప్పుడు అది మేలు చేస్తుంది. తెల్లదనం కోసం నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడి, ఎర్రని నరాలు తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. ఆపగానే మంట రెట్టింపై తిరిగివస్తుంది. దానితో ఆ క్రీమునే మరల రాయవలసివచ్చి ఒక వ్యసనమౌతుంది. ఈ దుర్వినియోగాన్ని అరికట్టేందుకే కేంద్ర ప్రభుత్వం 2018లో అనేక స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. ఇప్పటికే అటువంటిది నెలలుగా వాడుతున్నవారు సిగ్గుపడకుండా చర్మవైద్యునికి ఆ గొట్టాన్ని చూపి, ఆయన చెప్పిన క్రమంలో మానవలెను.

కన్నుల చుట్టూ వాపు, నీరుకారే పొక్కులు, జ్వరం, గుండ్రంగా వ్యాపించే మచ్చలు, స్పర్శ తెలియని మచ్చలు, ముక్కుకు ఇరువైపులా చెంపలపై ఎండకు పెరిగే ఎరుపుతోపాటు కీళ్ళనొప్పులు ఉన్నచో గృహవైద్యంతో కాలయాపన చేయరాదు. ఇవి చర్మం సున్నితత్వం కాదు, వేరే వ్యాధుల సూచనలు.

మన పెద్దలు పచ్చిపుండు మీద చేయి పెట్టవద్దనేవారు. సున్నిత చర్మం విషయంలో పాటించవలసిన సూత్రమూ అదే. పెరటి ఆకైనా, కొరియా గొట్టమైనా గుణం తెలిసి, ఒక్కదానినే, ఓర్పుతో వాడినప్పుడు మేలు చేస్తుంది. పెళ్ళికి మూడు వారాలున్న ఆ అమ్మాయికి ఇల్లంతా కలిసి ఇవ్వగలిగిన మంచి కానుక, ముందుగా ఆమె ముఖానికి ఒక వారం విశ్రాంతి.